ఎడమవైపు కుర్చీ

లేలండ్ రే తనకోసం కుర్చీ వెనక్కి లాగి నిలబడినప్పుడు వెర్నా కోస్టెల్నిక్‌కు సంతోషం కలగలేదు. వెన్నులో చలి పుట్టింది.

పందొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరూ గార్డీనాలోని బ్లూ లాంటర్న్ క్లబ్బులో పేకాడుతున్నారు. పందొమ్మిదేళ్ళుగా ఒకరినొకరు తప్పించుకు తిరుగుతున్నారు. పగేమీ లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సంగతి ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ తెలుసు. రోజుకు మూడు నాలుగు వందలమంది వచ్చిపోయే ఆ హాలులో, ఏడాది పొడుగునా ఆడి చివరికి ఎంతో కొంత మిగుల్చుకునేవాళ్ళు పట్టుమని పదిమంది ఉండరు. ఆ పదిమందీ ఒకరినొకరు దోచుకుని బతకరు, మిగిలినవాళ్ళ మీద బతుకుతారు. అందుకే వెర్నా ఉన్న బల్లలో చోటుందని పిలిచినప్పుడల్లా లేలండ్, కుర్చీకోసం కాచుకునేవాళ్ళ వరస రాసే బోర్డు దగ్గర నిలబడే డ్యూయీతో "ఇంకో బల్ల చూడు" అనేవాడు. నవ్వడు, పలకరించడు. ఆమెకు అతనిచ్చిన గౌరవమంతా ఆ తప్పించుకోవడంలోనే ఉండేది. ఆమె కూడా ఆ గౌరవాన్ని అంతే పొదుపుగా తిరిగి చెల్లిస్తూ వచ్చింది.

అలాంటివాడు ఈరోజు, పదిగంటలకు తలుపులు తీయగానే, తనంతట తాను ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"కూర్చోండి, మిసెస్ కె.," అన్నాడు. "ఇక్కడైతే మీకు వెలుతురు బాగుంటుంది."

ఆమె కూర్చుంది. అతను ఆమె వెనకగా నడిచి వచ్చి, ఆమెకు ఎడమవైపు కుర్చీలో కూర్చున్నాడు.

ఆట ఎడమవైపుగా తిరుగుతుంది. ఎడమన ఉన్నవాడు పక్కమనిషి ఏం చేసిందీ చూశాకే తన పని చేస్తాడు. అందుకని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో పోగొట్టుకునే మనిషి ఎవరో ముందు కనిపెట్టి, ఆ మనిషికి ఎడమవైపు కుర్చీ సంపాదించుకోవడం ఈ విద్యకు ఓనమాలు. వెర్నా ఆ కారణంచేతనే ఇన్నేళ్ళుగా మిట్స్ ఇనాఫుకుకు ఎడమవైపు కూర్చుంటోంది. ఈరోజూ అక్కడే కూర్చుంది. కుడివైపు మిట్స్, ఎడమవైపు లేలండ్, నడుమ తాను.

మిట్స్ అరవై నాలుగేళ్ళ నర్సరీ మనిషి. గోళ్ళ సందుల్లో మట్టి ఎప్పటికీ పోదు. ఒకప్పుడు అతనికి మూడు ఎకరాల మొక్కల తోట ఉండేది. ఇప్పుడు ఒక గాజు షెడ్డు, ఒక పికప్ బండి మిగిలాయి. "నా తోటలో సగం ఈ బల్లల కిందే నాటాను, ఇంకా మొలకలు రాలేదు," అని తానే నవ్వేవాడు. నడుం నొప్పికోసం గోధుమరంగు దిండు ఒకటి తెచ్చుకుని కుర్చీలో వేసుకుంటాడు. ఎప్పుడైనా అతను ఆలస్యంగా వస్తే ఆ దిండును కుర్చీలో పెట్టి అతని చోటు కాపాడేది వెర్నాయే. అతనికి టీ తెప్పించేది, నొప్పి ఎలా ఉందని అడిగేది కూడా ఆమే. ఆ ఆప్యాయతలో అబద్ధం లేదు. అయితే ఎడమవైపు కుర్చీలో కూడా అబద్ధం లేదు. ఆ రెండింటినీ ఒకే మనసులో, ఒకదానికొకటి తగలకుండా, రెండు వేరువేరు అరల్లో దాచుకోగలగడం ఆమెకు చాలాకాలం క్రితమే అలవడింది.

ఏడాదికోసారైనా మిట్స్ ఆమెను ఒకే ప్రశ్న అడిగేవాడు.

"నీ కిటుకేంటో చెప్పవే వెర్నా, నేను పోయేలోపు."

"పదిసార్లలో ఎనిమిదిసార్లు ముక్కలు కింద పడెయ్. కోపం వస్తే లేచి బయట తిరిగి రా. నీకన్నా బాగా ఆడేవాడున్న బల్లమీద కూర్చోకు. పోగొట్టుకునేవాడికి ఎడమన కూర్చో. గెలిచినా ఓడినా మూడు కొట్టగానే లే."

"ఇవన్నీ నాకు తెలిసినవేగా. తెలియనిది చెప్పు."

"అంతకుమించి లేదు."

"దాచుకుంటున్నావ్. మీ పెన్సిల్వేనియా గనులవాళ్ళు బొగ్గు మసి కూడా ఊరికే ఇవ్వరు."

ఆమె దాచలేదు. గెలిచేవాళ్ళకు తెలిసినవన్నీ ఓడేవాళ్ళకూ తెలుసు. తేడా తెలియడంలో లేదు, లేవడంలో ఉంది. భర్త జో విమానాల కర్మాగారంలో చనిపోయిన ఏడాది, తన ముప్ఫై తొమ్మిదో ఏట, ఆమె ఈ హాలుకు వచ్చి ఆరు వారాలపాటు ఒక్క ముక్కా ముట్టకుండా కటకటాల అవతల నిలబడి చూసింది. చూసినంతమేరా ఆమెకు కనిపించింది ఒక్కటే: మంచి ముక్కలు అందరికీ సమానంగా వస్తాయి, చెడ్డ గంటలు కొందరే ఆడతారు. తన బుర్ర అయిదు గంటలపాటు శుభ్రంగా ఉంటుందనీ, ఆరో గంటలో ఆడేది తాను కాదు తన చేతులనీ లెక్కకట్టుకుని, పదినుంచి మూడుదాకా అని గీత గీసుకుంది. ఒక నల్లట్ట పుస్తకం కొని, రోజూ వచ్చేవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో పుట కేటాయించింది. బోర్డు మీద డ్యూయీ సుద్దముక్కతో రాసే పొడి అక్షరాలే ఆ పుటలకు పేర్లు. ఎవరు బెదిరిస్తే నిజం, ఎవరు నవ్వితే అబద్ధం, ఎవరు భోజనమయ్యాక నిర్లక్ష్యంగా ఆడతారు, అన్నీ ఆ పుస్తకంలో చిన్న అక్షరాలతో ఉన్నాయి.

మరి అయిదారు నెలలుగా డబ్బు ఎందుకు పోతోంది? ఆమె ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా పక్కకు తిరిగి నడుస్తోంది.

ఆ ఉదయం ఎడారి గాలి వీస్తోంది. బయట కార్లు నిలిపే చోట జెండా తాడు స్తంభానికి కొట్టుకుంటున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది. మిట్స్ ముక్కలు కలిపి పంచాడు. వెర్నాకు రెండు రాజులు వచ్చాయి. పందెం తెరిచింది. లేలండ్ ఆటలో ఉన్నాడు, మిట్స్ ఉన్నాడు, మిగిలిన అయిదుగురూ పడేశారు. పనికిరానివి ఇచ్చి కొత్తవి తీసుకునే వంతు వచ్చింది. వెర్నా మూడు ముక్కలు మార్చుకుంది. తర్వాత లేలండ్ తీసుకున్నాడు, మిట్స్ తీసుకున్నాడు. ఆ ఆటలో ఎదుటివాడి గురించి నమ్మదగిన వార్త ఒక్కటే, అతను ఎన్ని మార్చుకున్నాడన్నది. మూడు తీసుకుంటే చేతిలో జత ఉంది. ఒకటే తీసుకుంటే జాగ్రత్తపడాలి. అడిగితే చెప్పి తీరాలని క్లబ్బు నియమం. అయినా వెర్నా ఎన్నడూ ఎవరినీ అడిగి ఎరగదు. చూసేది, గుర్తుపెట్టుకునేది.

పందెం కాసే వంతు తనకు వచ్చింది. లేలండ్ ఎన్ని తీసుకున్నాడో గుర్తుచేసుకోబోయింది. ఆ చోట ఏమీ లేదు. గోడమీదనుంచి పటం తీసేస్తే మిగిలే తెల్లటి చతురస్రంలా ఉంది.

"ఎన్ని తీసుకున్నారు, మిస్టర్ రే?" అని అడిగింది.

ఎవరో చేతిలోని పందెం బిళ్ళలు, చిప్స్, గలగలలాడించడం మానేశారు.

"ఇప్పుడేగా అడిగావు వెర్నా," అన్నాడు మిట్స్ నెమ్మదిగా.

"నేనా?"

"ఒకటే, మిసెస్ కె.," అన్నాడు లేలండ్. అతని గొంతులో విసుగు లేదు. "ఎన్నిసార్లయినా అడగండి, దానికేం."

ఆమె పందెం కాసింది. అతను పెంచాడు. రెండు రాజులు పట్టుకుని, ఒక్క ముక్క మార్చుకుని పెంచినవాడిమీద నిలబడటం కొత్తగా వచ్చినవాళ్ళు చేసే పని. ఆమె నిలబడింది. అతను ఒకే రకం ముక్కలు, అయిదు ఆటీనులు, పరిచి, ఆమె చిప్స్‌ను మెల్లగా, మర్యాదగా, నిద్రపోతున్నవాళ్ళమీద దుప్పటి లాగినంత మృదువుగా తనవైపు లాక్కున్నాడు.

"ఈమధ్య నా అదృష్టం బాగాలేదు," అంది వెర్నా.

మిట్స్ నవ్వాడు. "అదృష్టమా? ఆ మాట అన్నందుకేగా నన్ను పదేళ్ళు తిట్టిపోశావు. ఓడేవాళ్ళు మొక్కే దేవుడన్నావు."

అందరూ నవ్వారు. లేలండ్ మాత్రం నవ్వలేదు. ఆమెవైపు ఓపికగా చూస్తున్నాడు. ఆ ఓపికను ఆమె ఎక్కడో చూసింది. ఎక్కడ చూసిందో తట్టేసరికి నోరు ఎండిపోయింది. అద్దంలో కాదు, అయినా అది తన ముఖమే. ఇన్నేళ్ళుగా మిట్స్‌ను తాను చూస్తూ వచ్చిన చూపు అది.

ఒంటిగంటకు భోజనాల గదిలోకి వెళ్ళింది. ఆ క్లబ్బులో మద్యం అమ్మరు, ఆ లోటు తిండితో తీరుస్తారు. చారు, రొట్టె తిని లేవబోతుంటే, వడ్డించే నేడీన్, బాయ్‌సెన్ పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టె, 'పై', ఒక ముక్క తెచ్చి ముందు పెట్టింది.

"నేను చెప్పలేదే."

"మీరెందుకు చెప్తారు బంగారూ, చెప్పేవాళ్ళు చెప్పారు. రే గారు డబ్బిచ్చేశారు." నేడీన్ నడుంమీద చెయ్యి పెట్టుకుంది. "వరసగా మూడోరోజు. ఆ రాయి కరగడం నేనిన్నాళ్ళలో చూళ్ళేదు. పెళ్ళి భోజనం మా దగ్గరే పెట్టించండి."

"మూడోరోజా?"

"నిన్న తిన్నారు, మొన్న తిన్నారు. మొన్న సగం వదిలేశారు, బాగా తీపన్నారు."

వెర్నా ఫోర్కు పట్టుకుని పళ్ళరసం ముదురు ఎరుపును చూస్తూ కూర్చుంది. నిన్న పై తిన్న జ్ఞాపకం లేదు. మొన్నటిది కూడా లేదు. చేతిసంచిలోంచి నల్లట్ట పుస్తకం తీసి ఎల్.ఆర్. అని ఉన్న పుట తెరిచింది. పైన పాత సంగతులు: ఒకటి మార్చుకుని చెవి తడుముకుంటే ఏమీ రాలేదన్నమాట, ఓడినా ముఖం మారదు, ఇతనితో ఆడకు. వాటికింద, ఇటీవలి సిరాతో, తన చేతిరాతే:

"సోమవారం. పై ఇప్పించాడు. ఎందుకు?"

"మంగళవారం. పై ఇప్పించాడు. నా ఎడమన కూర్చున్నాడు. ఎందుకు?"

ఎందుకో ఆమెకు ఇప్పుడు తెలుసు. నిన్న కూడా తెలిసి ఉంటుందా? పుటలు తిప్పసాగింది. చివరి పుట దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. ఆ పుటకు పేరు వి.కె. తన పొడి అక్షరాలు. తన గురించి తాను ఎన్నడూ రాసుకోలేదని ప్రమాణం చేసి చెప్పగలిగేది. అక్షరాలు మాత్రం తనవే, పొందికగా, ఎదుటి ఆటగాడి గురించి రాసినట్టే, జాలి లేకుండా ఉన్నాయి.

"అయిదో కుర్చీ మనిషి. ఎన్ని తీసుకున్నావని రెండుసార్లు అడుగుతుంది. ఓడే ముక్కలు పడెయ్యదు. మూడయినా లేవదు. మెత్తగా మాట్లాడితే చాలు. ఎడమన కూర్చో."

అడుగున, పెన్సిలు అచ్చుదిగేలా నొక్కి: "లే. మళ్ళీ రాకు." పక్కన తేదీ. పదకొండు రోజుల కిందటిది.

పదకొండు రోజుల కింద తాను ఇదంతా కనిపెట్టింది. అయినా ఈరోజు పదిగంటలకు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈ మధ్యలో ఎన్నిసార్లు కనిపెట్టిందో, ఎన్నిసార్లు ఇదే బల్ల దగ్గర ఇలాగే నోరు ఎండిపోయిందో ఎవరు చెప్పగలరు?

మెడలో తాళంచెవి ఉంది. క్లబ్బు గోడవారగా రోజూ ఆడేవాళ్ళకు చిన్న ఇనుప పెట్టెలుంటాయి. ఆమె పెట్టెలో ఉన్నది పందొమ్మిదేళ్ళ కష్టం. చెల్లెలి ఇంట్లోనో వృద్ధుల ఆశ్రమంలోనో చెయ్యి చాచకుండా, తన చిన్న ఇంట్లో తన తలుపు తానే వేసుకుని చచ్చిపోయేదాకా బతకడానికి ఆమెకున్నదంతా అదే. వెళ్ళి తెరిచింది. ఒకప్పుడు రబ్బరు పట్టీలు వేసిన నోట్ల కట్టలతో మూత సరిగా పడని ఆ పెట్టెలో ఇప్పుడు చెయ్యి పెడితే అడుగు ఇనుము చల్లగా తగిలింది. ఒక మూల కొన్ని కట్టలున్నాయి, అంతే. లెక్కపెట్టలేదు. మూతవేసి తాళం తిప్పి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

ఉన్నపళంగా బయటికి నడిచి బస్సు ఎక్కితే ఈరోజు గడుస్తుంది. రేపో? రేపు పొద్దున్న లేచి మొహం కడుక్కుని, ఇదేమీ ఎరగని ఆడమనిషొకతె ఆమె కోటు తొడుక్కుంటుంది. ఆపవలసింది ఆమెను.

డ్యూయీ దగ్గరికి వెళ్ళింది. బోర్డు ముందు సుద్ద పొడి చొక్కాతో, మైకు మెడకు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

"డ్యూయీ, నా అక్షరాలు తీసెయ్. రేపటినుంచి నాకు కుర్చీ ఇవ్వకు. నేనొచ్చి అడిగినా సరే."

డ్యూయీ ఆమెవైపు చూడకుండా సుద్దముక్క రెండుగా విరిచాడు.

"పోయిన బుధవారం కూడా ఇదే మాట చెప్పారు మిసెస్ కె. నేను తీసేశాను కూడా."

"ఆ తర్వాత?"

"గురువారం వచ్చారు. నా అక్షరాలు చెరపడానికి నువ్వెవడివి, నీ యజమానిని పిలువు అని అందరిముందూ దులిపేశారు. యజమాని వచ్చి మీకు క్షమాపణ చెప్పి కూర్చోబెట్టాడు. అరగంటకోసారి బల్ల అద్దె కట్టే మనిషిని పొమ్మనడం ఆయనకేం సరదా చెప్పండి. నాకు ఉద్యోగం కావాలమ్మా."

ఇక మిగిలినవాడు ఒక్కడే. వసంతంలో కళ్ళు సరిగా కనిపించడం లేదన్న సాకుతో కారు నడపడం మానేసినప్పటినుంచి ఆమెను పొద్దున్నే ఇంటిదగ్గర ఎక్కించుకుని తెచ్చేవాడు మిట్స్. అతని ఇల్లు ఆమె ఇంటికి రెండు వీధుల అవతల. అతను లేచేదాకా ఆమె కాచుకోవాలి, అతనేమో చేతులు ఖాళీ అయ్యేదాకా లేవడు. కాచుకునే మనిషి ఊరికే కూర్చోలేదు కాబట్టి ఆడుతూ కూర్చుంటుంది. మూడు గంటల గీత అలా చెరిగిపోయింది, ఆమె గమనించకుండానే.

బల్ల దగ్గరికి వచ్చి మిట్స్ భుజం తట్టి పక్కకు పిలిచింది. నీళ్ళ కుండీ దగ్గర నిలబెట్టి, పుస్తకంలోని చివరి పుట చూపించింది. అతను కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు. ఎడమన కూర్చో అన్న మాట దగ్గర కాసేపు ఆగాడు.

"ఇదెవరు రాశారు?"

"నేనే. నా మతి పోతోంది మిట్స్. కొంచెం కొంచెంగా కాదు, గుప్పిళ్ళతో. లేలండ్‌కు తెలుసు. డ్యూయీకి తెలుసు. ఇక్కడ అందరికీ తెలుసు, నాకు తప్ప. ఇప్పుడు తెలిసింది. రాత్రికి ఉంటుందో లేదో తెలియదు."

"డాక్టరుకు చూపించుకుంటే..."

"చూపించుకుంటాను. ముందు నన్ను ఇక్కడికి తేవడం మానెయ్. రేపు నీ బండి నా ఇంటిముందు ఆగకూడదు. ఫోన్ చేసి తిట్టినా, ఏడ్చినా, నీకు పిచ్చెక్కిందన్నా తేకు. అప్పుడు ఈ కాగితం చూపించు. నా రాత నేను కాదనలేను." పుట చించింది. ఆ పుస్తకంలో ఆమె ఇంతవరకు ఒక్క పుటా చించలేదు. మడిచి, అతని చొక్కా జేబులో పెట్టింది. "నన్ను ఇప్పుడే ఇంటికి తీసుకెళ్ళు."

మిట్స్ బల్లవైపు చూశాడు. అతని ముందు చిప్స్ మూడు దొంతరలుగా ఉన్నాయి. ఎప్పుడూ ఉండవు.

"రెండున్నర అయింది. అద్దె మూడుదాకా కట్టేశాం ఇద్దరమూ," అన్నాడు. "ఇన్నేళ్ళూ మూడింటికి లే లే అని నా చెవి కొరికావు. ఈరోజు నీతోపాటు నేనూ లేస్తాను చూడు. మూడు కొట్టగానే. మా అమ్మమీద ఒట్టు."

అది అతను మనసారా అన్న మాటే. ఆమె కళ్ళు చెమర్చాయి. ఆ నిమిషంలో ఆమె బుర్ర చాలా నెలల తర్వాత తేటగా ఉంది, అయినా ఒక్క పని చెయ్యలేదు: పుస్తకంలో ఎం.ఐ. అన్న పుట తెరిచి చూడలేదు. పందొమ్మిదేళ్ళ సిరాలో, వేరువేరు తేదీలతో, ఆ పుటంతా ఒకే వాక్యం ఉంది. "లేస్తానంటాడు, లేవడు." ఎవరిమీద ఎంత కాయవచ్చో తెలిసి బతికిన మనిషి, తన దగ్గర మిగిలినదంతా ఆ గదిలోకెల్లా ఎక్కువ ఓడిపోయే మనిషిమీద కాసింది.

అరగంటే కదా అని కూర్చుంది.

ముక్కలు చేతిలోకి వచ్చాయి, పోయాయి. అలవాటైన బరువు, అలవాటైన నునుపు. జాకీల జత వచ్చింది. పందెం తెరిచింది. లేలండ్ పడేశాడు. మిట్స్ ఉన్నాడు, గెలిచాడు. తర్వాత ఎవరో ఏదో జోకు వేశారు. సిగరెట్ పొగ దీపాల కింద పలచని తెరలా వేలాడుతోంది. మళ్ళీ మిట్స్ గెలిచాడు, మళ్ళీ ఆమె దగ్గరే. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఈరోజు మిట్స్‌కు కలిసొస్తోంది పాపం, అనుకుంది వెర్నా. మంచిదే. నీళ్ళ కుండీ దగ్గర ఏదో మాట్లాడుకున్నట్టు లీలగా ఉంది. నడుం నొప్పి గురించే అయివుంటుంది.

గోడ గడియారం మూడు కొట్టింది.

ఆ చప్పుడుకు ఆమెలో ఏదో కదిలింది. రైలు వెళ్ళిపోయాక పట్టాల్లో మిగిలే వణుకులాంటిది. మూడు గంటలకు ఏదో ఉంది. ఏమిటి? బల్ల అద్దె వసూలు చేసే అమ్మాయి పళ్ళెం పట్టుకుని వచ్చింది.

లేలండ్ రే లేచాడు. చిప్స్ అరల్లో సర్దుకుని, టోపీ తీసుకున్నాడు.

"గెలుస్తూ గెలుస్తూ లేచిపోతావేంటయ్యా," అన్నారు ఎవరో. "రుచి మరిగిన పులి వెనక్కి పోతుందా?"

"మూడయింది," అన్నాడు లేలండ్. వెర్నావైపు తిరిగి టోపీ అంచు తాకాడు. "రేపు కలుద్దాం, మిసెస్ కె."

మిట్స్ కూడా లేచి నిలబడ్డాడు. చొక్కా జేబుమీద చెయ్యి వేసుకున్నాడు. ఆ జేబులోంచి మడిచిన కాగితం అంచు కొద్దిగా బయటికి కనిపిస్తోంది. విత్తనాల జాబితా కాబోలు అనుకుంది వెర్నా. అతను ఆమెవైపు చూశాడు. తలుపువైపు చూశాడు. తన ముందున్న అయిదు దొంతరలవైపు చూశాడు. ఏదో అడగమన్నట్టు, లేదా అడగవద్దన్నట్టు, ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"ఏంటి మిట్స్, వెళ్దామా?" అంది ఆమె తేలిగ్గా. "నీకు తొందరుంటే వెళ్దాం. నాకేం పనిలేదు."

"నీకేమన్నా గుర్తుందా వెర్నా? ఇందాక మనం అనుకున్నది?"

"ఏమనుకున్నాం?"

గాలికి బయట జెండా తాడు టకటకమంటోంది. అద్దె అమ్మాయి ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి బరువు మార్చుకుంది.

"కడతారా, లేస్తారా తాతగారూ? అవతల బోర్డుమీద జనం ఉన్నారు."

"కడతాను," అన్నాడు మిట్స్. గొంతు సవరించుకున్నాడు. "ఒక్క అరగంట. అంతే. ఆవిడది కూడా నేనే కడతాను."

చిప్స్ రెండు చేతులా ఎత్తుకుని, ఆమె కుర్చీ వెనకనుంచి నడిచి వచ్చి, లేలండ్ ఖాళీచేసిన ఎడమవైపు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్ళీ సగం లేచి, తన పాత కుర్చీలోంచి గోధుమరంగు దిండు అందుకున్నాడు.

"ఇది వీపు వెనక పెట్టుకో. చాలాసేపట్నుంచి కూర్చున్నావు."

"మరి నీ నడుమో?"

"ఈరోజు నొప్పి లేదులే."

ఎంత మంచివాడు, అనుకుంది వెర్నా. దిండు అతని ఒంటి వేడితో ఇంకా వెచ్చగా ఉంది. ఈ మంచితనం పుస్తకంలో రాసుకోవాలనిపించి చేతిసంచిలోంచి తీసింది. చివర ఒక పుట చినిగి, కుట్టు దగ్గర గరుకు అంచు మాత్రం మిగిలి ఉంది. బొటనవేలితో ఆ అంచు తడిమింది. నా పుస్తకంలో పుటలు చించేదెవరు? పంచేవాళ్ళు ఆమె ముందుకు ముక్కలు విసిరారు. పుస్తకం మూసి, ముక్కలు ఎత్తుకుంది. రాణుల జత. పందెం తెరిచింది. మిట్స్ ఉన్నాడు. మార్చుకునే వంతు వచ్చింది, పోయింది. అందరూ ఆమెకోసం ఆగారు.

"ఎన్ని తీసుకున్నావు మిట్స్?"

అతను తన ముక్కలమీదనుంచి కళ్ళెత్తలేదు.

"ఒకటే," అన్నాడు మెత్తగా. "ఎన్నిసార్లయినా అడుగు, వెర్నా."